ఈ బండి నీకు అలవాటేనా బాబూ?

2024 ఎన్నికలప్పుడు నేను నందిగామలో మా పుట్టింట్లో ఉన్నాను. ఎండలు మండిపోతున్నాయి. మా వదినా నేనూ వరండాలో కూర్చుని మాగాయ ముక్కలు తరుగుతున్నాం. ఇంతలో వీధిలో పిల్లలు ‘హెలికాప్టర్! హెలికాప్టర్!’ అంటూ ఒకటే కేకలు. కత్తిపీటలు అలాగే వదిలేసి అందరం డాబా మీదికి పరుగెత్తాం. మా అమ్మ కూడా మోకాళ్ళు పట్టుకుంటూ, ఒక్కో మెట్టే ఎక్కి వచ్చింది.

ఎన్నికలొస్తే మా ఊళ్ళకి ఇదో తిరనాళ్ళ సంబరం. ముందురోజు నుంచే మైదానంలో ట్యాంకర్లతో నీళ్ళు కొడతారు. మధ్యలో సున్నంతో గుండ్రంగా గీసి, అందులో పేద్ద ‘హెచ్’ అక్షరం రాస్తారు. ఫైరింజను వచ్చి నిలబడుతుంది. ఎన్ని నీళ్ళు కొట్టినా మా మెట్టప్రాంతపు దుమ్ము ఊరుకుంటుందా? అది దిగీ దిగకముందే ఊరి మీద పడింది. పొద్దున్నే ఉతికి ఆరేసిన దుప్పట్లను చూసుకుని మా వదిన లబోదిబోమంది.

అప్పుడు అమ్మ, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ, ‘‘ఏమే, దాన్ని నడిపేవాడికి అది అలవాటైన బండేనంటావా?’’ అంది.

అందరూ గొల్లుమన్నారు. ‘‘నానమ్మా! అదేమన్నా ఆటో అనుకున్నావా? నడిపేది పైలెట్టు!’’ అన్నాడు మా మేనల్లుడు.

‘‘పైలెట్టయితే ఏం? ఆ రోజు మనల్ని తీసుకెళ్ళినవాడు మాత్రం డ్రైవరు కాడూ?’’ అంది అమ్మ.

అంతే, నవ్వులు ఆగిపోయాయి. నా కళ్ళు అమ్మ కుడి మోచేతి మీదికి పోయాయి. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపుకోలేదు. అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్ళడానికి తలే కాస్త కిందికి వంచుకుంటుంది.

ముందు ఆ చెయ్యి కథ చెప్పాలి. హెలికాప్టర్ సంగతి తర్వాత.

అంతకు ఏడాది ముందు మాట. అమ్మకి బెజవాడలో కంటి ఆపరేషను. అన్నయ్య ఊళ్ళో లేడు. అన్నయ్య కొత్తగా కొన్న కారుంది. నాకు స్కూటీ తప్ప కారు రాదు. మా వీధిలోనే ఉండే ఒకతను ‘‘నేను తీసుకెళ్తాలే అక్కా’’ అని వచ్చాడు. ఇరవయ్యేళ్ళుగా లారీ నడుపుతున్నాడు. హైదరాబాదు రోడ్డు అతనికి అరచేతిలో గీత. ఒక్క యాక్సిడెంటు లేదు. అంతకంటే ఏం కావాలి చెప్పండి!

కానీ అది గేర్లు మార్చే పని లేని ఆటోమేటిక్ కారు. క్లచ్ ఉండదు. ఎడమకాలికి పని లేదు. రెండే రెండు పెడళ్ళు, ఒకటి బ్రేకు, ఒకటి యాక్సిలరేటరు. అతను కూర్చోగానే కిందికి తొంగి చూసుకున్నాడు. కాలితో వెతుక్కున్నాడు. గేరు రాడ్డు పట్టుకుని ఒకటికి రెండుసార్లు అటూ ఇటూ కదిపాడు. నేను వెనక సీట్లోంచి చూస్తూనే ఉన్నాను. ‘ఈ బండి నీకు అలవాటేనా బాబూ?’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. పాపం, తనంతట తాను సాయానికొచ్చినవాణ్ణి అలా అడిగితే ఏమనుకుంటాడో! ఇరవయ్యేళ్ళ డ్రైవర్ని పట్టుకుని స్కూటీ నడిపే ఆడమనిషి అడగడమేమిటి!

కీసర టోల్‌గేటు దాటాక ఒక గేదె రోడ్డుకి అడ్డంగా వచ్చింది. ఇరవయ్యేళ్ళ అలవాటు. రెండు కాళ్ళూ ఒక్కసారి లేచాయి. కుడికాలు బ్రేకు మీదికి, ఎడమకాలు క్లచ్ మీదికి. కానీ అక్కడ క్లచ్ లేదుగా! ఆ ఎడమకాలు కూడా వెడల్పాటి బ్రేకు మీదే పడింది. లారీ క్లచ్ తొక్కే బలమంతా పడింది. కారు నిలువునా ఆగిపోయింది. వెనకాల వస్తున్న వ్యాను మమ్మల్ని గుద్దింది. నాకేం కాలేదు. అమ్మ మోచెయ్యి రెండుచోట్ల విరిగింది.

ఆసుపత్రి వరండాలో అతను కూలబడి ఏడ్చాడు. ‘‘ఇట్టాంటి బండి ఎప్పుడూ తోలలేదక్కా. చెబితే నువ్వేమనుకుంటావో అని చెప్పలా’’ అన్నాడు.

చూశారా! నాకు అడగడానికి మొహమాటం. అతనికి చెప్పడానికి నామోషీ. మా ఇద్దరి మర్యాదా కలిసి అమ్మ చెయ్యి విరిచింది.

అందుకే ఆ రోజు డాబా మీద అమ్మ అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. జగ్గయ్యపేట వచ్చాక కూడా మనసులో అదే తిరుగుతోంది. హెలికాప్టర్లు నడిపేవాళ్ళకి కూడా ‘అలవాటైన బండి, అలవాటు లేని బండి’ అని ఉంటుందా? ఇంటిపనయ్యాక దొరికిన తీరికలో దొరికినంతా చదివాను. ‘నీకెందుకే ఈ హెలికాప్టర్ల గొడవ, కథలు రాసుకోక’ అని మా వారు నవ్వారు. చదివిన కొద్దీ నాకు మాత్రం నవ్వు రాలేదు.

చేయి తిరిగితే చాలా?

మనం ‘చేయి తిరిగిన మనిషి’ అంటాం. ఒకసారి చేయి తిరిగితే ఏదైనా ఒకటే అనుకుంటాం. కానీ ఆ చేయి దేనిమీద తిరిగిందన్నది ముఖ్యం.

పాతకాలపు బుల్లెట్ బండి గుర్తుందా? దానికి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర ఉండేవి. మిగతా మోటారు సైకిళ్ళకి తిరకాసు. బుల్లెట్‌కి అలవాటుపడ్డ మా బాబాయి ఒకసారి పెళ్ళివారి బండి తీసుకుని, బ్రేకనుకుని గేరు తొక్కి, నేరుగా పందిట్లోకి వచ్చేశాడు. ఆ ముచ్చట ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్పుకుని నవ్వుకుంటాం. నేల మీద కనక నవ్వుకున్నాం.

సరిగ్గా ఇలాంటి తిరకాసే హెలికాప్టర్లలోనూ ఉందంటే నమ్ముతారా? హెలికాప్టర్ పైన పెద్ద రెక్క ఒకవైపు తిరుగుతుంటే, ఆ ఊపుకి కింద ఉన్న పెట్టె రెండోవైపు తిరిగిపోవాలని చూస్తుంది. కవ్వం ఒకవైపు లాగితే కుండ ఇంకోవైపు కదిలినట్టన్నమాట. అలా గిర్రున తిరగకుండా ఆపడానికే తోక దగ్గర చిన్న రెక్క ఉంటుంది. దాన్ని పైలట్ కాళ్ళతో పెడళ్ళు తొక్కి అదుపు చేస్తాడు. అమెరికా బెల్ కంపెనీ హెలికాప్టర్లలో పెద్ద రెక్క, పైనుంచి చూస్తే, గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. మన సైన్యంలో ఎన్నో ఏళ్ళుగా వాడిన చేతక్, చీతాలు ఫ్రాన్సు నమూనాలు. బెంగుళూరు హెచ్‌ఏఎల్‌లో తయారైనవి. వాటి రెక్క గడియారం ముల్లు దిశలోనే తిరుగుతుంది. అంటే, పైకి లేపే బలం పెంచినప్పుడు బెల్‌లో ఎడమకాలు తొక్కాలి, చేతక్‌లో కుడికాలు తొక్కాలి!

మన దేశంలో ప్రైవేటు హెలికాప్టర్లు నడిపేవాళ్ళలో సైన్యం నుంచి రిటైరై వచ్చినవాళ్ళు చాలామంది. వాళ్ళకి అనుభవం లేదని ఎవరనగలరు? సియాచిన్ మంచుకొండల మీద దింపినవాళ్ళుంటారు. అయినా రకం మారినప్పుడు కాళ్ళకి మళ్ళీ ఓనమాలు దిద్దించాల్సిందే. మామూలుగా ఎగురుతున్నప్పుడు ఫరవాలేదు, ఆలోచించుకుని తొక్కడానికి వ్యవధి ఉంటుంది. నేలకి దగ్గరగా వచ్చి గాల్లో నిలబెట్టి దించేటప్పుడే యంత్రానికి ఎక్కువ బలం కావాలి, కాళ్ళకి ఎక్కువ పని పడుతుంది, పొరపాటు దిద్దుకోవడానికి ఎత్తూ ఉండదు, టైమూ ఉండదు. అప్పుడు ఏదైనా బెదురు కలిగితే కాలు మెదడుని అడగదు. పాత అలవాటునే అడుగుతుంది. కీసర దగ్గర ఆ ఎడమకాలు లేచినట్టు!

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. చట్టాలకీ తెలుసు. పైలట్ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఏది పడితే అది నడపడానికి వీల్లేదు. ఏ రకంలో తర్ఫీదై పరీక్ష నెగ్గాడో ఆ రకం పేరు లైసెన్సు మీద ఎక్కాలి. చాలా దేశాల్లో, ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో కనీసం 3 సార్లయినా లేపి, దించి ఉండాలన్న నియమం కూడా ఉంది. నేర్చుకుని మానేసిన వీణ లాంటిదే ఇదీ. వేళ్ళు మరిచిపోతాయి.

అమెరికాలో రాబిన్సన్ ఆర్-22, ఆర్-44 అని రెండు చిన్న హెలికాప్టర్లున్నాయి. వాటి పై రెక్కలు తేలికైనవి. హెలికాప్టర్‌కి ఇంజను ఆగినా, రెక్క తిరుగుతున్నంతసేపు మెల్లగా దింపుకోవచ్చు. కానీ రెక్క తేలికైతే ఊపు త్వరగా చచ్చిపోతుంది. పైలట్ ఒకటి రెండు సెకన్లలోపే ఎడమచేతి కింది మీటని దించెయ్యాలి. బరువైన రెక్కల హెలికాప్టర్‌కి అలవాటుపడ్డవాడు ‘ఏమైందబ్బా’ అనుకునేలోపే పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. వరసగా ప్రమాదాలయ్యాక, 1995లో అక్కడి ప్రభుత్వం ఆ రెండు రకాలకే ప్రత్యేకంగా నియమం పెట్టింది. నువ్వెంత అనుభవజ్ఞుడివైనా సరే, వీటి లక్షణాలు విడిగా నేర్చుకుని రావాల్సిందేనంది. అందులో ఎవరికీ అవమానం జరగలేదు.

మన జిల్లాలోనే జరిగింది

ఇప్పుడు మేము ఎన్టీఆర్ జిల్లా, కైకలూరు ఏలూరు జిల్లా. 2002లో అందరం ఒకటే కృష్ణా జిల్లా. ఆ ఏడు మార్చి 3, ఆదివారం. నేను పదో తరగతి పరీక్షలకి చదువుకుంటున్నాను. లోక్‌సభ స్పీకర్ బాలయోగిగారి హెలికాప్టర్ కైకలూరు దగ్గర కూలిపోయిందని వార్త. భీమవరం నుంచి హైదరాబాదుకి బయలుదేరిన చిన్న బెల్ 206. బాలయోగిగారు, ఆయన భద్రతాధికారి, పైలట్, ముగ్గురూ చనిపోయారు. యాభై ఏళ్ళ మనిషి. కోనసీమలో పేద దళిత కుటుంబంలో పుట్టి, స్పీకర్ కుర్చీదాకా వెళ్ళినవారు. ఆ రోజు మా స్కూల్లో ఏడవని టీచరు లేదు. ఆయన భార్య విజయకుమారిగారు ఆ దుఃఖంలోనే ఉపఎన్నికలో నిలబడి, అమలాపురం నుంచి పార్లమెంటుకి వెళ్ళారు.

అసలేం జరిగింది? చూపు సరిగ్గా ఆనని వాతావరణం. అలాంటప్పుడు ఎక్కడో ఒకచోట దించేద్దామనుకోవడం తప్పు కాదు. కానీ పైలట్ గట్టినేల అనుకుని దించబోయింది నేల కాదు, చేపల చెరువు.

మాది మెట్ట. నల్లరేగడి, సున్నపురాయి గుట్టలు, పత్తి, మిరప. పైనుంచి చూసినా నేల నేలలాగే ఉంటుంది. కైకలూరు వైపు అలా కాదు. కొల్లేరు చుట్టూ ఎటు చూసినా చెరువులూ గట్లూ, గట్లూ చెరువులూ. మసక వెలుతురులో అల లేని నీళ్ళకీ ఆకాశానికీ తేడా తెలీదు. నిశ్చలమైన నీటి మీద ఎత్తు అంచనా వెయ్యడం ఎంత చెయ్యి తిరిగిన పైలట్‌కైనా కష్టమట. కంటికి పట్టుకోవడానికి ఒక చెట్టో, రాయో, గడ్డిపరకో ఉండదుగా! అంటే, బండి తెలిసి ఉండటం ఒకటి, దింపే నేల తెలిసి ఉండటం ఇంకొకటి. ఏ ఒక్కటి తెలియకపోయినా రెండోది కాపాడుతుందన్న భరోసా లేదు.

నేల సంగతి 2025 మే 8న మళ్ళీ చూశాం. ఉత్తరాఖండ్‌లో యమునోత్రి దగ్గర్నుంచి గంగోత్రి వైపు యాత్రికులను తీసుకెళ్తున్న బెల్ 407 హెలికాప్టర్‌ని పైలట్ గంగ్‌నానీ దగ్గర రోడ్డు మీద దించబోయారు. రోడ్డు పక్కన పైన వేలాడుతున్న కేబులు రెక్కకి తగిలింది. హెలికాప్టర్ లోయలోకి దొర్లిపోయింది. పైలట్‌తో కలిపి ఆరుగురు పోయారు. చనిపోయిన ప్రయాణికులు ఐదుగురూ ఆడవాళ్ళే. అందులో ఒకావిడ మన అనంతపురం ఆడపడుచు. ‘చార్‌ధామ్ చూసొస్తాం’ అని ఇంట్లోవాళ్ళకి చెప్పి, పచ్చడి సీసాలు సర్దుకుని బయలుదేరే మనలాంటివాళ్ళే!

పేజీ వెతికే టైము కాదు

2009 సెప్టెంబరు 2. నా కొత్త కాపురం రోజులు. జగ్గయ్యపేటలో ఆ రాత్రి ఎవరింట్లోనూ పొయ్యి సరిగా వెలగలేదు. పార్టీల సంగతి ఎలా ఉన్నా, అందరం టీవీ ముందే కూర్చున్నాం. ముఖ్యమంత్రి రాజశేఖర్‌రెడ్డిగారు ఎక్కిన హెలికాప్టర్ నల్లమల మీద కనిపించకుండా పోయింది. మర్నాడు పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. ఆయనతో కలిపి ఐదుగురు. అందులో ఇద్దరు పైలట్లు.

ఆ ప్రమాదం మీద ఆర్.కె.త్యాగి అధ్యక్షతన కమిటీ విచారించింది. హెలికాప్టర్ పెద్ద ఉరుము మబ్బులోకి వెళ్ళి, అందులో కిందికి తోసే బలమైన గాలికి చిక్కి అదుపు తప్పిందని తేల్చింది. అయితే ఆ నివేదికలో నన్ను కుదిపిన సంగతి ఇంకొకటుంది. ఆ చివరి నిమిషాల్లో, ఇంజను బలాన్ని రెక్కలకి అందించే గేరుపెట్టెలో ఆయిల్ ప్రెషర్ తగ్గిందని హెచ్చరిక వచ్చింది. దానికేం చెయ్యాలో తెలుసుకోవడానికి పైలట్లు పుస్తకంలో ఆ పేజీ కోసం వెతికారు. సుమారు ఆరు నిమిషాలు! వాళ్ళ ధ్యాసంతా ఆ పేజీ మీద ఉండగా ఎదురుగా వస్తున్న మబ్బు మీద చూపు తప్పింది.

పుస్తకం చూడటం తప్పని నేననడం లేదు. చూడాల్సిందే, అదే పద్ధతి. కానీ ఏ హెచ్చరిక ఏ పేజీలో ఉందో, ఏది తక్షణం చెయ్యాల్సిందో, ఏది కాసేపు ఆగొచ్చో తెలిసి ఉండటమే ‘బండి తెలియడం’ అంటే. ఒకరు పుస్తకంలో పడితే ఇంకొకరు దారి మీద నుంచి కన్ను తియ్యకూడదని ముందే పంచుకుని ఉండటం కూడా అందులో భాగమే. మూకుడులో నూనె అంటుకున్నాక వంటల పుస్తకం తెరిస్తే ఏం లాభం? ఆ పేజీ ముందురోజే చదివి ఉండాలి. ఒకసారి కాదు, పదిసార్లు. ఊరికే చదవడం కాదు, చేసి చూసి ఉండాలి.

చూసినవాళ్ళూ చెప్పలేదు

ఇప్పుడు చెప్పబోయేది హెలికాప్టర్ కాదు, విమానం. మన దేశమూ కాదు. అయినా చెప్పి తీరాలి.

1989 జనవరి 8 రాత్రి. లండన్ నుంచి బెల్‌ఫాస్ట్‌కి వెళ్ళే బోయింగ్ 737-400. అప్పటికి ఆ రకం చాలా కొత్త. ఇద్దరు పైలట్లకీ పాత 737ల అనుభవం ఉంది గానీ, ఈ కొత్త రకం మీద ఇద్దరికీ కలిపి 100 గంటలు కూడా లేవు. గాల్లో ఉండగా ఎడమ ఇంజనులో రెక్క విరిగింది. కుదుపులు, పొగ వాసన. పాత రకంలో లోపలికి వచ్చే గాలి కుడి ఇంజను వైపు నుంచి వస్తుందన్న లెక్క ఉంది కెప్టెన్ మనసులో. పొగ లోపలికొస్తోంది కాబట్టి చెడింది కుడి ఇంజనే అనుకున్నారు. కొత్త రకంలో గాలి రెండు ఇంజన్ల నుంచీ వస్తుంది! బాగున్న కుడి ఇంజనుని ఆపేశారు. దించబోతుండగా చెడిన ఎడమ ఇంజను కూడా చేతులెత్తేసింది. రన్‌వే ఇంకాస్త దూరం ఉందనగా కెగ్‌వర్త్ దగ్గర రోడ్డు గట్టుకి కొట్టుకుంది. 126 మందిలో 47 మంది పోయారు.

నా గుండె ఆగింది ఎక్కడంటే ఇక్కడ. కెప్టెన్ మైకులో ‘కుడి ఇంజను చెడింది, ఆపేశాం’ అని చెప్పారు. వెనక కూర్చున్న ప్రయాణికులు కొందరు, లోపల పనిచేసే సిబ్బంది ముగ్గురు, ఎడమ ఇంజనులోంచి మంటలు రావడం కళ్ళారా చూశారు. ‘ఎడమ కదా!’ అని అనుకున్నవాళ్ళున్నారు. ఒక్కరూ వెళ్ళి చెప్పలేదు. ఆయనకు తెలీదా, అంత పెద్ద పైలట్‌కి మనం చెప్పేదేమిటి అనుకున్నారు.

ఇది చదివినప్పుడు నాకు ఆ కారు వెనకసీటు గుర్తొచ్చింది. మొహమాటం మన తెలుగువాళ్ళ సొత్తే అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ! అది ఏ దేశంలోనైనా వెనక సీట్లోనే కూర్చుని ఉంటుందన్నమాట.

కొత్తకోడలు అడగదూ?

‘లైసెన్సులిచ్చేవాళ్ళున్నారు, తనిఖీ చేసేవాళ్ళున్నారు, మధ్యలో మనమెవరం అడగడానికి’ అని మీలో కొందరైనా అనుకుంటూ ఉంటారు. నిజమే. హెలికాప్టర్ ఎక్కేముందు పైలట్‌కి మనం పరీక్ష పెట్టలేం. ఆ పని డీజీసీఏది, హెలికాప్టర్ కంపెనీలది. అద్దెకి తీసుకునేవాళ్ళది కూడా. ‘ఈ రకం మీద ఎన్ని గంటలు నడిపారు, ఈమధ్య ఎప్పుడు నడిపారు, మేం దిగబోయే చోటు ఇదివరకు చూశారా’ అని ఈ మూడు ప్రశ్నలూ అద్దె ఎంతో అడిగినప్పుడే అడగాలి. ‘సభకి టైమైపోతోంది, పదండి పదండి’ అని తొందరపెట్టే పెద్దమనుషులు ఆ తొందర పైలట్ నెత్తిన పడుతుందని గుర్తుంచుకోవాలి. ‘ఇవాళ వద్దు’ అని పైలట్ అంటే, ‘సరే’ అనగలిగినవాడే అసలు ముఖ్యుడు.

‘ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు కొత్తే కదా, అందరూ ఇలా అడిగితే కొత్తవాళ్ళు నేర్చుకునేదెప్పుడు?’ అన్నారు మా వారు. న్యాయమైన ప్రశ్నే. కొత్తగా ఉండటం నేరం కాదు. కొత్తని దాచడమే ప్రమాదం. కొత్తవాళ్ళు ఖాళీ బండితో, మంచి వెలుతురులో, పక్కన తెలిసినవాళ్ళని పెట్టుకుని నేర్చుకుంటారు. కంటి ఆపరేషనుకి వెళ్ళే ముసలావిణ్ణి వెనక కూర్చోబెట్టుకుని కాదు.

ఈ విషయంలో మనమే నయం అనిపిస్తుంది నాకు. మా పుట్టింట్లో కుక్కరు మూత లోపలికి దూర్చి బిగించేది. అత్తింట్లో పైనుంచి బిగించేది. కాపురానికొచ్చిన మొదటిరోజే ‘‘అత్తయ్యా, ఇదెలా పెట్టాలి?’’ అని అడిగాను. ‘‘ఈ పొయ్యి మంట ఎక్కువమ్మా, మూడు కూతలకే దింపెయ్యి’’ అని చెప్పారావిడ. నాకు వంట రాదని ఎవరూ అనుకోలేదు. ఇంకొకరి వంటింట్లోకి వెళ్తే అడిగి తెలుసుకోవడం మనకి సంప్రదాయం. ఇంత చిన్న మర్యాద మగపిల్లలకి మాత్రం మనం నేర్పలేదు. ‘నాకు రాదు’ అంటే పరువు తక్కువని నేర్పాం. బండి తాళం చేతికిస్తే ‘ఇది నాకు కొత్త’ అన్న కుర్రాణ్ణి నేను చూడలేదు. పైగా అడ్డదిడ్డంగా వెళ్ళే బండి కనిపిస్తే ‘ఎవరో ఆడవాళ్ళు నడుపుతున్నట్టున్నారు’ అని జోకులు!

హెలికాప్టర్ మనలో ఎంతమంది ఎక్కుతాం? కానీ రోజూ మన పిల్లలు ఎక్కే స్కూలు వ్యానుంది. ఉన్నట్టుండి ఒకరోజు కొత్త డ్రైవరు వస్తాడు. పెళ్ళికి మాట్లాడుకున్న టెంపో ఉంది. అర్ధరాత్రి పిలిచిన అంబులెన్సు ఉంది. తాళం తీసుకుని చెల్లెల్ని కాలేజీ దగ్గర దింపొస్తానని స్నేహితుడి బండి ఎక్కే మన కొడుకున్నాడు. అక్కడ అడగడానికి మనకే చట్టమూ అక్కర్లేదు. ‘‘ఈ బండి నీకు అలవాటేనా బాబూ? కొత్తయితే నెమ్మదిగానే వెళ్దాం, ఏం తొందర లేదు’’ అని నవ్వుతూ అడిగితే ఎవరూ కొట్టరు. ఆ రెండో వాక్యం కూడా తప్పక అనండి. మొదటిది ప్రశ్న, రెండోది ‘కొత్తే’ అని ఒప్పుకోవడానికి అతనికి మనమిచ్చే అవకాశం.

చివరగా ఒక మాట. మా వీధి డ్రైవరు ఆ తర్వాత చాన్నాళ్ళు మా ఇంటివైపు రాలేదు. అమ్మే కబురుపెట్టి పిలిపించింది. మొన్న సంక్రాంతికి నన్ను జగ్గయ్యపేటలో దింపాల్సొచ్చింది. మా చిన్నాన్నగారి కారు. తాళం తీసుకుని, అందరి ముందూ, ‘‘అక్కా, ఈ బండి నాకు కొత్త. గ్రౌండులో నాలుగు రౌండ్లు కొట్టుకొస్తా, ఈలోపు నువ్వు కాఫీ తాగు’’ అన్నాడు.

మా చిన్నాన్న ఏదో హాస్యమాడబోయాడు. అమ్మ తన వంకర చేత్తోనే అతన్ని ఆపి, ‘‘వెళ్ళిరా నాయనా. ఆయనకీ కాఫీ ఇస్తాలే’’ అంది.

అరగంట ఆలస్యంగా బయలుదేరాం. పాతిక ముప్ఫై కిలోమీటర్ల దారి. ఆ వెనకసీట్లో నాకు హాయిగా నిద్రపట్టింది.